చూడని ప్రశ్నకే అసలు మార్కులు

మీ తరగతిలో రాము, గీత అని ఇద్దరు ఉన్నారనుకోండి. లెక్కల పుస్తకంలో ఒక అధ్యాయం చివర ఇరవై లెక్కలున్నాయి. రాము ఆ ఇరవై లెక్కల జవాబులూ బట్టీ పట్టాడు. ఎన్నో లెక్క అడిగినా కళ్ళు మూసుకుని జవాబు అప్పజెప్పేస్తాడు. గీత అలా కాదు. లెక్క ఎలా చెయ్యాలో నేర్చుకుంది. కాకపోతే అప్పుడప్పుడూ కూడికలో తొందరపడి తప్పు చేస్తుంది.

మాస్టారు ఆ ఇరవై లెక్కలే పరీక్షలో ఇచ్చారు. రాముకు ఇరవైకి ఇరవై వచ్చాయి. గీతకు పద్ధెనిమిదే వచ్చాయి. ఇంటికి వెళ్ళి మార్కులు చూపిస్తే ఎవరిని మెచ్చుకుంటారు? రామునే గదా! మరి మాస్టారు అంకెలు మార్చి ఇరవై కొత్త లెక్కలు ఇస్తే? గీతకు మళ్ళీ పదిహేడో పద్ధెనిమిదో వస్తాయి. రాము సంగతి మీరే ఊహించుకోండి!

దీన్నిబట్టి ఏం తెలిసింది? మొదటి పరీక్షలో తప్పు రాముది మాత్రమే కాదు, ప్రశ్నపత్రానిది కూడా. ముందే చూసిన ప్రశ్నలు అడిగితే, ఎవరికి లెక్క వచ్చో ఎవరికి బట్టీ వచ్చో తేల్చలేం. ఈ చిన్న సంగతిని మరిచిపోతే పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా మోసపోతారు. ఎలాగో చూద్దాం.

బట్టీ పట్టే కంప్యూటరు

ఈ రోజుల్లో కంప్యూటరు ఎన్నో జోస్యాలు చెబుతోంది. రేపు వాన పడుతుందా, ఎక్స్‌రే చిత్రంలో జబ్బు ఉందా, కాగితం మీద ఉన్నది 1 అంకెా లేక 7 అంకెా - ఇలాంటివన్నీ. అయితే ఇందులో మంత్రం ఏమీ లేదు. ముందుగా కంప్యూటరుకు జవాబు తెలిసిన పాత ఉదాహరణలు వేలకొద్దీ చూపిస్తారు. వీటినే దత్తాంశాలు లేక డేటా అంటారు. కంప్యూటరు వాటిలో ఉన్న పోకడను పట్టుకుని ఒక సూత్రాన్ని తయారు చేసుకుంటుంది. ఆ సూత్రాన్నే నమూనా, అంటే మోడల్ అంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. కంప్యూటరుకు ఉన్న జ్ఞాపకశక్తి ఎవరికుంది? కొంచెం వీలు చిక్కితే చాలు, అది గీతలా నేర్చుకోవడం మాని రాములా బట్టీ పట్టేస్తుంది. గ్రాఫు కాగితం మీద పది చుక్కలు పెట్టండి. వాటి మధ్యగా ఒక సరళరేఖ గీస్తే అది కొన్ని చుక్కలకు కాస్త ఎగువగా, కొన్నిటికి కాస్త దిగువగా పోతుంది. అదే మెలికలు తిప్పుతూ వంకర గీత గీస్తే పది చుక్కల్నీ తాకించవచ్చు. ఒక్క తప్పు కూడా ఉండదు! కాని పదకొండో చుక్క ఎక్కడ పడుతుందో చెప్పమంటే, ఆ మెలికల గీత చాలాసార్లు ఎక్కడికో తీసుకుపోతుంది. సాదా సరళరేఖే దగ్గరగా చెబుతుంది. ఇలా పాత ఉదాహరణలకు మరీ అతుక్కుపోవడాన్ని శాస్త్రజ్ఞులు ఓవర్‌ఫిటింగ్ అంటారు. మన భాషలో బట్టీ అంటే సరిపోతుంది.

వానలు చెప్పిన పాఠం

ఇదేమంత పెద్ద సంగతి అనుకుంటున్నారా? మన దేశంలో కోట్లాది రైతుల బతుకులు ముడిపడిన ఒక జోస్యం ఉంది. అదే రుతుపవనాల జోస్యం. ఈ ఏడు వానలు బాగా పడతాయా, పడవా?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. ఆ మరుసటి ఏడే దక్షిణ భారతంలో భయంకరమైన కరువు మొదలైంది. రాయలసీమలో పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. 1878 దాకా సాగిన ఆ కరువులో లక్షలాది జనం చనిపోయారు. వానలు రావని కొన్ని నెలలు ముందుగా తెలిస్తే ధాన్యం దాచుకోవచ్చు గదా అన్న ఆలోచన అప్పుడు బలపడింది. వాతావరణ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీది మంచుకూ మన వానలకూ సంబంధం ఉందని గమనించాడు. మంచు ఎక్కువ పడిన ఏడు వానలు తగ్గుతాయని ఆయన అభిప్రాయం. దాన్ని ఆధారం చేసుకుని 1886లో మొదటిసారిగా దేశమంతటికీ వానల జోస్యం వెలువడింది.

1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఆ శాఖకు అధిపతి అయ్యాడు. ఆయన ప్రపంచం నలుమూలల నుంచీ గాలి పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం లెక్కలు తెప్పించి, మన వానలతో దేనికి పొత్తు కుదురుతుందో వెతికించాడు. అలా వెతికినప్పుడు ఒక ప్రమాదం ఉందని కూడా ఆయన గుర్తించాడు. వందల కొలదీ గుర్తుల్ని పోల్చి చూస్తే, వాటిలో కొన్ని ఏ సంబంధమూ లేకపోయినా కేవలం కాకతాళీయంగా కలిసిపోతాయి! దీని గురించి ఆయన 1914లోనే రాశాడు.

1988లో వాతావరణ శాఖ పదహారు గుర్తులతో ఒక సూత్రాన్ని అమలులోకి తెచ్చింది. సముద్రం వేడి, మంచు, గాలి పీడనం, పైగాలుల వేగం ఇలాంటివి ఆ గుర్తులు. చాలా ఏళ్ళు అది బాగానే నడిచింది. 2002లో ఆ సూత్రం ప్రకారం వానలు సగటుకు 101 శాతం ఉంటాయని చెప్పారు. అంటే మామూలు వానలే. రైతులు విత్తనాలు చల్లారు. తీరా జూలై నెలలో పడవలసిన వానలో సుమారు సగమే పడింది. మొత్తం సీజనులో 81 శాతం మాత్రమే కురిసింది. దేశం కరువు పాలయింది.

ఎందుకిలా జరిగింది? కారణం ఒక్కటే అనలేం. సముద్రానికీ వానలకూ ఉన్న సంబంధాలు కాలంతోపాటు మారుతుంటాయి. అయితే ఇంకొక సంగతి కూడా ఉంది. వానకాలం ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ముప్పై ఏళ్ళు కష్టపడి రాసుకుంటే ముప్పై ఉదాహరణలే. అన్ని తక్కువ ఉదాహరణలకు పదహారు గుర్తులు తగిలిస్తే, సూత్రం పాత ఏళ్ళను బట్టీ పట్టే ప్రమాదం ఉంటుంది. డెల్‌సోల్, జగదీశ్ శుక్లా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే 2002లో ఒక పరిశోధన ప్రకటించారు. సూత్రం తయారీలో వాడని ఏళ్ళ మీద పరీక్షించి చూస్తే, ఎక్కువ గుర్తులున్న సూత్రాల కంటే రెండు మూడు గుర్తులున్న చిన్న సూత్రాలే సగటున మెరుగ్గా చెబుతున్నాయని వారు చూపారు. 2003లో వాతావరణ శాఖ పాత సూత్రాన్ని పక్కనబెట్టి ఎనిమిది, పది గుర్తులున్న కొత్త సూత్రాలను తెచ్చింది. ఆ తరవాత కూడా పద్ధతులు ఎన్నో మారాయి.

బొమ్మా? బొరుసా?

వాకర్ చెప్పిన ప్రమాదాన్ని మీరు ఒక రూపాయి నాణెంతో చూడవచ్చు. ఒక పెద్ద స్కూల్లో 1,024 మంది పిల్లలున్నారనుకోండి. ఒక్కొక్కరూ నాణెం పదిసార్లు ఎగరేసి, గడిచిన పదేళ్ళకూ జోస్యం రాయాలి. బొమ్మ పడితే మంచి వానలు, బొరుసు పడితే తక్కువ వానలు. నిజంగా పడిన వానలతో పోల్చి మార్కులు వేద్దాం.

ఒక్కో ఏడు సరిగ్గా చెప్పే అవకాశం సగం. మొదటి ఏడు తప్పు చెప్పినవాళ్ళను తీసేస్తే సుమారు 512 మంది మిగులుతారు. రెండో ఏడు తరవాత 256, మూడో ఏడు తరవాత 128. ఇలా పదిసార్లు సగం చేస్తూ పోతే చివరకు సగటున ఒక్కరు మిగులుతారు. ఆ ఒక్కరూ పదికి పది సరిగ్గా చెప్పినవారన్నమాట! ఆ అబ్బాయిని ఊరేగించి, వచ్చే పదేళ్ళ వానలు కూడా చెప్పమందామా? చెబుతాడు. కాని అందులో సగమే నిజమవుతాయి. ఎందుకంటే గెలిచింది తెలివి కాదు, నాణెం.

దీన్ని గుర్తుంచుకోండి. ఎక్కువమందిలోంచి ఒకరిని ఎంచుకున్నప్పుడు, అతని గెలుపులో కొంత అదృష్టం కలిసే ఉంటుంది. ఇది కాసేపట్లో మనకు పనికొస్తుంది.

మూడు వాటాలు

మరి బట్టీని, అదృష్టాన్ని పట్టుకునేది ఎలా? ఉపాయం చాలా సులువు. చేతిలో ఉన్న ఉదాహరణలన్నీ కంప్యూటరుకు చూపించకూడదు. కొన్ని దాచిపెట్టాలి. 1931లోనే లార్సన్ అనే పరిశోధకుడు తన దత్తాంశాలను రెండుగా విడగొట్టి, ఒక భాగంతో సూత్రం కట్టి, రెండో భాగం మీద దాన్ని పరీక్షించి చూశాడు. తయారైన చోట గొప్పగా కనబడిన సూత్రం కొత్త చోట కొంత వెలవెలబోయింది.

ఈనాడు దత్తాంశాలను సాధారణంగా మూడు వాటాలు చేస్తారు. మీ చదువుతో పోల్చి చూద్దాం.

మొదటిది శిక్షణ వాటా. దీన్ని ట్రైనింగ్ డేటా అంటారు. ఇది మీ పాఠ్యపుస్తకం. దీన్ని ఎన్నిసార్లయినా తిరగేయవచ్చు. కంప్యూటరు నేర్చుకునేది దీనినుంచే.

రెండోది సరిచూసే వాటా. దీన్ని వాలిడేషన్ డేటా అంటారు. ఇది మీ క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ పరీక్షలు. వీటి మార్కులు చూసుకుని మీరు చదివే పద్ధతి మార్చుకుంటారు గదా! అలాగే శాస్త్రజ్ఞుడు సరళరేఖ మంచిదా, వంకర గీత మంచిదా, రెండు గుర్తులు చాలా, పదహారు కావాలా అన్నది ఈ వాటా మీద పోల్చి తేల్చుకుంటాడు.

మూడోది పరీక్ష వాటా. ఇది టెస్ట్ డేటా. ఇది పబ్లిక్ పరీక్ష. ప్రశ్నపత్రం సీలువేసిన కవరులో ఉంటుంది. అన్ని నిర్ణయాలూ అయిపోయిన తరవాత, చివరగా, ఒక్కసారి మాత్రమే విప్పాలి. వచ్చిన మార్కులు ఎంతైతే అంత. నచ్చలేదని వెనక్కు పోయి సూత్రం దిద్దకూడదు.

రెండు వాటాలు చాలవా?

శిక్షణకు ఒకటి, పరీక్షకు ఒకటి ఉంటే చాలదా, మధ్యలో మూడోది ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. మంచి ప్రశ్నే. నాణెం ఎగరేసిన 1,024 మంది పిల్లల్ని మళ్ళీ తలచుకోండి. శాస్త్రజ్ఞుడు వంద రకాల సూత్రాలు కట్టి, దాచిన వాటా మీద అన్నిటినీ పోల్చి, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నదాన్ని ఎంచుకున్నాడనుకుందాం. ఆ సూత్రంలో తెలివి ఉండవచ్చు. కాని ఆ మార్కుల్లో కొంత అదృష్టం కూడా కలిసింది. అంటే సరిచూసే వాటా ఎంపికకు మాత్రమే పనికొస్తుంది. నిజమైన మార్కులు తెలియాలంటే, ఆ ఎంపికలో ఏ పాత్రా లేని మూడో వాటా కావలసిందే.

దీనికి ఒక నిజమైన కథ ఉంది. 2010లో ఇమేజ్‌నెట్ అనే పోటీ మొదలైంది. బొమ్మ చూసి అందులో ఉన్నదేమిటో కంప్యూటరు చెప్పాలి. కుక్క, పడవ, పుట్టగొడుగు - ఇలా వెయ్యి రకాలు. పోటీదారులకు శిక్షణ కోసం సుమారు 12 లక్షల బొమ్మలు, సరిచూసుకోవడానికి 50 వేల బొమ్మలు ఇచ్చారు. పరీక్ష కోసం వేరే బొమ్మలు పెట్టి, వాటి జవాబుల్ని మాత్రం నిర్వాహకులే దాచుకున్నారు. ఏ జట్టయినా వారానికి రెండుసార్లు మించి పరీక్ష రాయకూడదని నియమం. 2015లో ఒక పెద్ద కంపెనీ జట్టు అనేక ఖాతాలు తెరిచి, నియమానికి మించి ఎన్నోసార్లు పరీక్ష రాసింది. జవాబులేమీ దొంగిలించలేదు. కాని మళ్ళీ మళ్ళీ మార్కులు చూసుకుంటూ దిద్దుకుంటే, పబ్లిక్ పరీక్ష కాస్తా క్వార్టర్లీ పరీక్షగా మారిపోతుంది. సంగతి బయటపడింది. ఆ జట్టు క్షమాపణ చెప్పుకుంది. ఏడాదిపాటు దానిని పోటీకి రావద్దన్నారు.

హైస్కూలు పిల్లల చేతివ్రాత

విడగొట్టడమంటే పేకముక్కల్లా కలిపి పంచడమే అనుకోకండి. ఎలా విడగొట్టామన్నది కూడా ముఖ్యమే.

కంప్యూటరుకు చేతివ్రాత అంకెలు నేర్పడానికి అమెరికాలో కొన్ని అంకెలు సేకరించారు. కొన్నిటిని జనాభా లెక్కల శాఖ ఉద్యోగులు రాశారు. కొన్నిటిని మీలాంటి హైస్కూలు విద్యార్థులు రాశారు. మొదట ఏం చేశారో తెలుసా? ఉద్యోగుల అంకెలతో శిక్షణ, విద్యార్థుల అంకెలతో పరీక్ష! ఉద్యోగులవి చక్కగా గుండ్రంగా ఉన్నాయి. పిల్లల రాత సంగతి మీకు వేరే చెప్పాలా? చక్కటి రాత మాత్రమే నేర్చుకున్న కంప్యూటరుకు కోడిగీతలతో పరీక్ష పెడితే న్యాయమా?

అందుకని యాన్ లెకూన్, ఆయన సహచరులు ఆ అంకెల్ని మళ్ళీ పంచారు. శిక్షణకు 60 వేల అంకెలు, పరీక్షకు 10 వేల అంకెలు. రెండింటిలోనూ ఉద్యోగులవి సగం, విద్యార్థులవి సగం. ఇంకొక మంచి పని కూడా చేశారు. ఒకరు రాసిన అంకెలు రెండు వాటాల్లోకీ రాకుండా చూశారు. 500 మంది విద్యార్థుల్లో మొదటి 250 మందివి శిక్షణకు, మిగతా 250 మందివి పరీక్షకు కేటాయించారు. ఎందుకు? ఒకే పిల్లవాడి 7 అంకె అటూ ఇటూ ఉంటే, కంప్యూటరు 7ను కాక ఆ పిల్లవాడి చేతివాటాన్ని గుర్తుపట్టి మార్కులు కొట్టేయవచ్చు. పోస్టు కవరు మీద రేపు రాసేది కొత్త మనిషి గదా! ఎమ్‌నిస్ట్ అనే పేరుతో ఈ అంకెలు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాయి.

ఆస్పత్రి చిత్రాలతో మరీ జాగ్రత్తగా ఉండాలి. 2017లో అమెరికా ఆరోగ్య సంస్థ ఒకటి 1,12,120 ఛాతీ ఎక్స్‌రే చిత్రాలను పరిశోధకుల కోసం విడుదల చేసింది. అవి 30,805 మంది రోగులవి. అంటే ఒక్కొక్కరివి సగటున మూడున్నర పైనే. చిత్రాల్ని కలిపి పంచితే ఒకే రోగి చిత్రాలు రెండు వాటాల్లోనూ పడతాయి. అప్పుడు కంప్యూటరు జబ్బును బదులు మనిషి పక్కటెముకల్ని గుర్తుపట్టినా మంచి మార్కులే వస్తాయి. ఆ మార్కులు నమ్మి కొత్త రోగి దగ్గరకు తీసుకుపోతే ప్రాణానికే ముప్పు. కనుక చిత్రాలను కాదు, రోగుల్ని విడగొట్టాలి.

వానల విషయంలో నియమం వేరు. అక్కడ కాలక్రమం తప్పకూడదు. పాత ఏళ్ళతో నేర్పి, తరవాతి ఏళ్ళతో పరీక్షించాలి. 1995 సంగతి చెప్పడానికి 1996 లెక్కలు వాడుకుంటే అది జోస్యం అవుతుందా?

ఏ వాటా ఎంత?

దీనికి శాసనం ఏమీ లేదు. వంద ఉదాహరణలుంటే 60 శిక్షణకు, 20 సరిచూడటానికి, 20 పరీక్షకు పంచడం ఒక వాడుక. లక్షలకొద్దీ ఉంటే పరీక్షకు చిన్న భాగమైనా చాలు. కాని పరీక్ష వాటా మరీ చిన్నదైతే మార్కుల్ని నమ్మలేం. వంద ప్రశ్నల్లో 90 సరిగ్గా చెప్పిన నమూనా అసలు సామర్థ్యం 84 నుంచి 96 శాతం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. అదే పదివేల ప్రశ్నల్లో 9,000 సరిగ్గా చెబితే, తేడా అటూ ఇటూ అర శాతానికి కాస్త పైన మాత్రమే.

ఉదాహరణలు చాలా తక్కువున్నప్పుడు మరో ఉపాయం ఉంది. పరీక్ష వాటాను విడిగా దాచి, మిగిలినవాటిని అయిదు గుంపులు చెయ్యండి. ఒక గుంపును దాచి నాలుగింటితో నేర్పండి. తరవాత రెండో గుంపును దాచండి. ఇలా అయిదుసార్లు తిప్పి సగటు మార్కులు తీయండి. అన్ని గుంపులకూ రెండు పనులూ వంతులవారీగా దక్కుతాయి. దీన్ని క్రాస్ వాలిడేషన్ అంటారు.

మీరే చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఈ ప్రయోగం చెయ్యవచ్చు. మామిడి ఆకు పొడవు చెబితే వెడల్పు చెప్పగలమా?

అయిదు మామిడి చెట్ల నుంచి, చెట్టుకు ఆరు చొప్పున 30 ఆకులు ఏరండి. కింద రాలినవైనా ఫరవాలేదు, ఏ చెట్టువో తెలియాలి అంతే. కాడ వదిలేసి పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. మూడు చెట్ల ఆకులు, అంటే 18, శిక్షణ వాటా. నాలుగో చెట్టువి సరిచూసే వాటా. అయిదో చెట్టు లెక్కల్ని కవరులో పెట్టి మీ అక్కకో అన్నయ్యకో ఇచ్చెయ్యండి.

ఇప్పుడు శిక్షణ వాటాతో మూడు సూత్రాలు కట్టండి. మొదటి సూత్రం: ఏ ఆకు అయినా సరే, 18 ఆకుల సగటు వెడల్పే చెప్పాలి. రెండో సూత్రం: 18 ఆకుల వెడల్పుల మొత్తాన్ని పొడవుల మొత్తంతో భాగించి, వచ్చిన సంఖ్యతో కొత్త ఆకు పొడవును గుణించాలి. మూడో సూత్రం: 18 ఆకుల్లో కొత్త ఆకుకు పొడవులో అతి దగ్గరగా ఉన్నదాన్ని వెతికి, దాని వెడల్పే చెప్పాలి.

ముందు ఆ 18 ఆకుల మీదే మూడు సూత్రాలకూ పరీక్ష పెట్టండి. ఏ రెండు ఆకుల పొడవూ ఒకటి కాకపోతే, మూడో సూత్రానికి ఒక్క తప్పు కూడా రాదు. ప్రతి ఆకుకూ అతి దగ్గరగా ఉండేది అదే ఆకు గదా! మన రాము గుర్తొచ్చాడా?

ఇప్పుడు నాలుగో చెట్టు ఆకులతో సరిచూడండి. ఒక్కో సూత్రం ఎన్ని మిల్లీమీటర్లు తప్పిందో కూడి, తక్కువ తప్పిన సూత్రాన్ని ఎంచుకోండి. ఎంచుకున్నది కాగితం మీద రాసి సంతకం చెయ్యండి. అప్పుడు కవరు విప్పించండి. అయిదో చెట్టు ఆకుల మీద మీ సూత్రం ఎంత తప్పిందో అదే మీ అసలు మార్కు.

ఆ మార్కు మీరు ఆశించినదానికంటే తక్కువ రావచ్చు. అయినా కవరు మూసి మళ్ళీ మొదలుపెట్టకండి. వచ్చినదాన్ని వచ్చినట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంకా బాగా చెయ్యాలంటే ఆరో చెట్టును వెతకండి.